మేకలు ఉమ్మిన పిక్కలు

ఎలుగుబంటి పెంటను బుట్టకెత్తుకుని తెల్లారేసరికి నర్సరీ తడిక దగ్గర నిలబడ్డ మనిషిని ఏమనాలి? నేనైతే చాలా అన్నాను. అప్పుడు నాకు పాతికేళ్ళు. ఒంటి మీద కొత్త ఖాకీ, నోటికి అడ్డూ అదుపూ లేదు. ఆ మనిషి పేరు ఈశ్వరమ్మ. అన్నీ నిదానంగా వింది. బుట్ట కిందికి దించి, "తిట్టడం అయిపోనాదేటి బాబూ? అయితే బేగి ఓ పాత గోనె సూడు, దీన్ని ఆరబెట్టాల" అంది.

ఆవిడ సంగతి చెప్పాలంటే ముందు నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. నా పేరు వరహాలరావు. పార్వతీపురం దగ్గర వరీ చెరకూ పండించే ఇంట్లో పుట్టాను. పరీక్ష రాసి ఫారెస్టు గార్డునయ్యాను గానీ, వేపకీ చింతకీ మించి చెట్ల పేర్లు తెలియవు. అడవిని కాపాడటమంటే గొడ్డలి పట్టుకున్నవాణ్ణి పట్టుకోవడమే అనుకునేవాణ్ణి. 1978లో నన్ను అరకు లోయ పైనున్న తుంబిగుడలో వేశారు. ఇరవై ఆరు గడపల కొండదొరల ఊరది. ఊరి అంచున గెడ్డ, అంటే వాగు, ఆ గెడ్డ ఒడ్డున మా నర్సరీ, ఊరి వెనక బోడిమెట్ట అనే చిన్న కొండ. నర్సరీలో నలభై వేల నీలగిరి మొక్కలున్నాయి. వాటిని వచ్చే వర్షాలకి ఆ మెట్ట నిండా నాటించడం నా పని.

పేరుకు తగ్గట్టే ఆ మెట్ట బోడిగా ఉండేది. వెనకటి రోజుల్లో చెట్లు నరికి, కాల్చి, ఆ బూడిదలో సామా కొర్రా రెండు మూడేళ్ళు పండించుకుని, మళ్ళీ పన్నెండేళ్ళ దాకా ఆ చోటు ముట్టేవారు కాదట. దాన్నే పోడు అంటారు. ఆ పన్నెండేళ్ళలో అడవి మళ్ళీ లేచేది. జనం పెరిగారు, చుట్టుపక్కల కొండలు రిజర్వు ఫారెస్టులో కలిసిపోయాయి, ఊరికి మిగిలింది ఆ ఒక్క మెట్టే. పన్నెండేళ్ళు కాస్తా మూడేళ్ళయింది. మోళ్ళకి చిగురు పెట్టే వ్యవధి లేకపోయింది. మెట్టలోంచి పుట్టే గెడ్డ శివరాత్రికే ఎండిపోతోంది, కింద మళ్ళలో రెండో పంట మానేశారు.

ఈశ్వరమ్మ మా నర్సరీలో కూలి. ఎర్రమట్టీ ఇసుకా పేడ ఎరువూ కలిపి ప్లాస్టిక్ సంచుల్లో నింపే పని. నలభై దాటిన మనిషి, పొట్టి, చెంపల మీద పచ్చబొట్లు. నిప్పు కొస లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ చుట్ట నోట్లో ఉన్నంతసేపూ మాట్లాడదు. చుట్ట తీసిందంటే మాత్రం ఎవరో ఒకరికి మూడినట్టే. మొగుడు సుక్రుకి ముప్పై మేకలున్నాయి. ఆ ఊరి పెద్ద సోంబరు ఆవిడ సొంత అన్న.

ఆ ఏడు కార్తీకంలో మా రేంజరు సర్వేశ్వరరావు గారు నర్సరీ చూడటానికి వచ్చారు. నేను బూట్లు పాలిష్ చేసుకుని వెంట తిరుగుతున్నాను. ఈశ్వరమ్మ చుట్ట తీసి పక్కన పెట్టింది.

"బాబూ, ఈ నీలగిరి ఆకు మేక ముట్టదు. పిట్టకి తినడానికి కాయుండదు. తినీవోలు లేని సెట్టు కింద మరో సెట్టు మొలవదు. మా మెట్ట మాకొగ్గీండి. మావే మొక్కలేత్తాం" అంది.

"ఏం మొక్కలు వేస్తావమ్మా?" అన్నారాయన.

"ముందున్నవే. కరక, ఉసిరి, రేల, మద్ది, ఇప్ప."

ఆయన నవ్వారు. మంచివాడే, ఎగతాళి ఎక్కువ. "కరక మొలిపిస్తావా? మావాళ్ళు పిక్కల్ని వేడినీళ్ళలో నానబెట్టారు, పేడలో కప్పెట్టారు, సుత్తితో కూడా కొట్టారు. వందకి ఐదు మొలిస్తే గొప్ప."

"నాను మొలిపిత్తాను."

"సరే. వచ్చే ఆషాఢానికి నాలుగు వేల మొక్కలు చూపించు. మెట్ట మీ ఇష్టం. ఒక్కటి తగ్గినా నీలగిరి వేయిస్తాను. వరహాలరావూ, చిరిగిన సంచులుంటే ఈవిడకియ్యి."

అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

పుష్యం వచ్చింది. పొద్దున్నే సుక్రు మేకల్ని తోలుకుపోయాక ఈశ్వరమ్మ ఖాళీ దొడ్డిలో వంగి ఏదో ఏరుకుంటూ కనబడేది. పోయి చూద్దును గదా, మేకపెంటికల మధ్య తెల్లగా, నున్నగా కడిగినట్టు కరక పిక్కలు, ఉసిరి పిక్కలు. మేక పగలంతా అడవిలో తిరిగి కాయలు మింగేస్తుంది. దొడ్డిలో పడుకుని నెమరేసేటప్పుడు గుజ్జు నమిలి, నమలలేని పిక్కను ఉమ్మేస్తుంది. ఆవిడ అవే ఏరుతోంది.

"సెట్టు కింద రాలిన పిక్కకి మొద్దునిద్ర బాబూ. మేక కడుపులో నానిందానికి మెలకువొత్తాది" అంది. "సిన్నప్పుడు సూసినాను. దొడ్డి మార్సేసిన పాత సోటుంటాది గదా, అక్కడ జానెడుకో ఉసిరి లేసేది, కరక లేసేది. ఎవులు నాటినారేటి?"

రేలకి మేక పనికిరాదట, ఎలుగ్గొడ్డే కావాలట. ఎలుగు రేలకాయలు గింజలతో సహా మింగుతుంది. పెంటలో పడ్డ గింజ వారం పది రోజుల్లో చీలుతుంది. అందుకే ఆ పొద్దున బుట్ట. నేను నానా మాటలూ అన్న పొద్దున.

ఏరడంలోనూ ఆవిడకో పద్ధతుంది. మద్దికాయలు ఒక్క చెట్టు కింద నించే ఏరేది కాదు. మూడు కొండలు దాటి పోయి, చెట్టుకో దోసెడు తెచ్చేది. "ఒక్క తల్లి పిల్లలే అయితే, ఒకదానికొచ్చిన తెగులు అన్నింటికీ వొత్తాది" అనేది. ఏ చెట్టు కిందైనా సగం కాయలు ముట్టుకునేది కాదు. ఆ సగం ఎలుకలకీ జింకలకీ చెట్టుకీ వాటా. నేను ట్రైనింగులో ఏడాది చదివొచ్చాను, ఇందులో ఒక్క ముక్క కూడా నాకెవరూ చెప్పలేదు.

మాఘంలో పిక్కలు సంచుల్లో పెట్టింది. ఉసిరి మొలిచింది, రేల మొలిచింది, కరక మాత్రం ఉలుకూ పలుకూ లేదు. నలభై రోజులు గడిచాయి. పదిహేను వందల సంచులు మట్టిముద్దల్లా ఉన్నాయి. ఆవిడ మాత్రం రోజూ కూలి పని ముగిశాక గెడ్డలో చెలమ తవ్వి, డబ్బాతో నీళ్ళు మోసి పోసేది. జ్వరమొచ్చిన మూడు రోజులూ మొగుడి చేత పోయించింది.

"వట్టి మట్టికి నీళ్ళు పోస్తున్నావు ఈశ్వరమ్మా, ఆ సంచులు ఖాళీ చెయ్యి" అన్నాను.

"కరకకి తొందర్లేదు బాబూ. తొందర నీకే."

యాభై మూడో రోజున తడిక తీసుకుని లోపలికి వెళ్ళేసరికి మట్టి పగిలి, రెండు పచ్చటి చెవులు విప్పి, ఒకటి పైకొచ్చింది. సాయంత్రానికి పదిహేడయ్యాయి. ఉగాది నాటికి పదిహేను వందల సంచుల్లో తొమ్మిది వందలు మొలిచాయి. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. సంతోషంతో పాటు సిగ్గూ వేసింది. ఆ రోజు నుంచి ఆవిణ్ణి అప్పా అని పిలవడం మొదలుపెట్టాను. మా ఊళ్ళో పెద్దక్కని అలాగే అంటాం. నా చేత్తో కూడా నీళ్ళు పోశాను.

ఆషాఢంలో రేంజరు గారొచ్చారు. నాలుగు వేల నూట ఎనభై మొక్కలు. వరసలన్నీ చూసి, టోపీ తీసి, "మాటంటే మాటే. నాటుకోండి" అన్నారు. ఇప్పగింజ నిల్వ ఉండదు కాబట్టి దాన్ని మాత్రం ఈశ్వరమ్మ రాలిన వారంలోనే తెచ్చి మెట్ట మీద గుంటల్లోనే వేసింది. నేను తాడు పట్టుకుని వరసలు గీయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. రాతి పక్కన నీడలో కరక, పల్లంలో మద్ది, ఎండ తగిలే చోట ఉసిరి. పాత మోడు బతికున్న చోట ఏ మొక్కా పెట్టనివ్వలేదు. దాని చుట్టూ పొదలు కోసి, రెండు బలమైన చిగుళ్ళుంచి మిగతావి తీసేసింది. ఆరుగురు ఆడవాళ్ళు పది రోజులు నాటారు. ఊళ్ళో మిగతావాళ్ళు దూరంగా నిలబడి చూశారు. ఆ దూరం నాకు అర్థమై ఉండాల్సింది.

ఇక్కడే నేను ఒక తెలివితక్కువ పని చేశాను. మెట్ట బాగుందన్న మురిపెంలో, మొక్కలకి ఎవరూ హాని చెయ్యకుండా ఉంటుందని, ముప్పై రెండు రాళ్ళు తెప్పించి, సున్నం కొట్టి, నల్లరంగుతో నెంబర్లు వేయించి మెట్ట చుట్టూ పాతించాను. ఎవర్నీ అడగలేదు. గార్డుకి చక్కదనమంటే అదే మరి.

మర్నాటి పొద్దుటికి మెట్ట మీద మొక్కల్లేవు. మోకాలెత్తు కుప్పలు, ప్రతి తెల్లరాయి పక్కనా ఒకటి. ఏ మొక్కా విరిచి పారెయ్యలేదు. పీకి, జాగ్రత్తగా కుప్ప పెట్టారు. చూస్తూ ఉండగానే నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. ఆ వెంటనే ఒళ్ళు మండిపోయింది. పరుగున ఈశ్వరమ్మ ఇంటికి పోయాను.

"ఎవరు పీకారో చెప్పప్పా. కేసు రాస్తాను. ఒక్కొక్కణ్ణీ లోపల వేయిస్తాను."

ఆవిడ గుమ్మంలో కూచునుంది. చుట్ట వెలిగించలేదు. మొహం ఒక్క రాత్రిలో పదేళ్ళు పెద్దదైనట్టుంది.

"మా అన్న పీకినాడు. ఊరంతా పీకినారు. సుక్రు ఒక్కడే ఎల్లలేదు" అంది. "రాసుకుంతావా? రాసుకో. రాసిన కాణ్ణించీ మెట్ట నీది. మాది కాదు."

నేను జేబులోంచి తీయబోయిన నోటుపుస్తకం మళ్ళీ లోపలికి తోసేశాను.

"బాబూ, ఈ కొండల్లో సున్నమేసిన రాయికి ఒక్కటే అర్తం. అది దాటి మేక ఎల్లకూడదు, కత్తి ఎల్లకూడదు, మనిషి ఎల్లకూడదు. మా తాతల కాణ్ణించీ ఆ రాళ్ళు ఎనక్కి ఎల్లనేదు, ముందుకే వొచ్చినాయి. నిన్న సందేళ మా అన్న నా గుమ్మంలోకొచ్చి, కూలి డబ్బులకి మెట్టమ్మేసినావే అని ఉమ్మేసినాడు." లేచి నిలబడింది. "నువ్వెట్టిన రాళ్ళు నువ్వే తియ్యి. ఊరంతా సూడగా తియ్యాల. మొక్కల సంగతి నాను సూసుకుంతాను."

రాళ్ళు తీస్తే ఉద్యోగం పోవచ్చు. ఇంటికి నేనే ఆధారం. ఒక గంటసేపు నర్సరీ గట్టు మీద కూచుని అదే ఆలోచించాను. లేచి గునపం తీసుకుని మెట్ట ఎక్కాను. మొదటి రాయి పెకలించి కిందికి దొర్లించాను. అప్పటికే ఊరంతా మెట్ట కింద నిలబడింది. పదో రాయి దగ్గర చేతులు బొబ్బలెక్కాయి. ఎవరూ సాయానికి రాలేదు. ముప్పై రెండూ నేనే తీశాను.

నేను రాళ్ళు తీస్తున్నంతసేపూ ఈశ్వరమ్మా సుక్రూ కుప్పల్లోని మొక్కల్ని తట్టల్లో మోసి గెడ్డ బురదలో వేళ్ళు కప్పెడుతున్నారు. మూడో తట్టకి ఆ ఆరుగురు ఆడవాళ్ళూ కలిశారు.

ఆ సాయంత్రం ఊరి సభ. సోంబరు మొహం పక్కకి తిప్పుకుని కూచున్నాడు. ఈశ్వరమ్మ మధ్యలో నిలబడింది.

"మెట్ట ఎవులికీ అమ్మనేదు. కాయ కాత్తే మన పిల్లలే తింతారు. గెడ్డ పారితే మన మళ్ళే తడుత్తాయి. మూడేళ్ళు మెట్ట మీద నిప్పెట్టకూడదు, మేకని తోలకూడదు. ఎండుపుల్ల తెచ్చుకోండి, పచ్చికొమ్మ ముట్టకండి. ఇది డిపార్ట్‌మెంటు మాట కాదు, నా మాట. ముందు నా మేకల్నే కట్టేత్తాను. సూడండి."

సోంబరు ఇటు తిరిగాడు. "మూడేళ్ళకి మొక్కలు లేసినాక డిపార్ట్‌మెంటోలొచ్చి మాదంతే?"

"మొదటి మొక్క నానే పీకుతాను."

ఆ మాట ఆవిడ అరిచి అనలేదు. ఆ రాత్రే తన మేకల్ని కట్టేసింది.

పీకిన వాటిలో పదిహేను వందలు బతికి మళ్ళీ నేలకెక్కాయి. నాకు రేంజి ఆఫీసునుంచి మెమో వచ్చింది. రాళ్ళు ఏమయ్యాయని అడిగారు. వానకి దొర్లిపోయాయని రాశాను. సర్వేశ్వరరావు గారు నన్ను పిలిపించి, "వానకి సున్నం కరుగుతుందని విన్నాను గానీ, రాళ్ళు నడుస్తాయని ఇప్పుడే వింటున్నానయ్యా" అని కాగితం ఫైల్లో పెట్టేశారు. బతికిపోయాను.

ఆ మూడేళ్ళూ ఈశ్వరమ్మ పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. ముప్పై మేకలకీ రోజూ దూరం నుంచి రొట్ట కోసి మోసుకురావడం మాటలు కాదు. తొలి వేసవిలో సగం మందని అరకు సంతకి తోలేయాల్సి వచ్చింది. సుక్రు వారం రోజులు మాట్లాడలేదు. ఫాల్గుణం రాగానే మెట్ట చుట్టూ మూడు బారల వెడల్పున ఎండాకు ఊడ్చి, పక్క పోళ్ళ నిప్పు దాటి రాకుండా బాట తీసేది. మొదటేడు ఆవిడా నేనూ సుక్రూ ఊడ్చాం. రెండో ఏడు ఇంటికొకరు వచ్చారు. మోళ్ళ చిగుళ్ళు మనిషెత్తు లేచాయి. వాటి నీడన కరకలు నిలదొక్కుకున్నాయి. మూడో ఏడు చైత్రంలో కూడా గెడ్డలో పాదం మునిగేంత నీరు పారింది. మెట్ట మీదికి అడవికోళ్ళు తిరిగొచ్చాయి. మేం నాటని చెట్లు, పేర్లు ఈశ్వరమ్మ కూడా వెతుక్కోవాల్సినన్ని, పిట్టల పుణ్యాన మొలిచాయి.

సర్వేశ్వరరావు గారికి బదిలీ అయింది. 1982 వానాకాలంలో కొత్త రేంజరు జీపు దిగాడు. మెట్టని చూసి తెగ మురిసిపోయాడు. జీపు వెనక రంగు వేసిన బోర్డు, సున్నం కొట్టిన రాళ్ళు. పై నుంచి పెద్ద అధికారులొస్తున్నారట, మెట్టని శాఖ ప్లాంటేషనుగా చూపించాలట.

"అయ్యా, ఇది ఊరు పెంచింది. రాళ్ళొద్దు" అన్నాను.

"నువ్వు గార్డువా, ఊరి పెద్దవా?" అన్నాడు. మొదటి రాయి దింపారు.

ఈశ్వరమ్మ గునపం పట్టుకుని వచ్చింది. మెట్ట మొదట్లో నడుమెత్తు కరక మొక్క ఒకటుండేది. యాభై రెండు రోజులు అడ్రసు లేక, యాభై మూడో రోజున మొదటగా కళ్ళు తెరిచింది అదేనని ఆవిడ నాకెన్నోసార్లు చూపించింది. దాని చుట్టూ తవ్వి, రెండు చేతులా పట్టి పైకి లాగింది. తల్లివేరు మధ్యలో తెగింది. మొక్కని తెచ్చి రేంజరు కాళ్ళ దగ్గర పెట్టింది. మళ్ళీ వెళ్ళి పక్కనున్న ఉసిరి మొదట్లో గునపం దించింది. ఏడుస్తూనే తవ్వుతోంది. కళ్ళు తుడుచుకోవడానిక్కూడా ఆగలేదు.

"ఏమిటీ పిచ్చి? ఎవరీవిడ? ఆపండి!" అని రేంజరు అరిచాడు.

నేను కదల్లేదు. "ఇవన్నీ మొలిపించిన మనిషండీ. మీరు రాళ్ళు తియ్యకపోతే సాయంత్రానికి అన్నీ పీకేస్తుంది. మాటిచ్చింది" అన్నాను.

ఉసిరీ బయటికొచ్చింది. ఆవిడ మూడో మొక్క వైపు నడిచింది. అప్పటికి ఊరంతా చేరింది. ఇళ్ళలోంచి గునపాలు తెచ్చుకున్నారు. రేంజరు వాళ్ళని చూశాడు, తను చూపించాల్సిన పచ్చటి మెట్టని చూశాడు. మొహం మాడ్చుకుని, "ఎక్కించండి రాళ్ళు" అన్నాడు. బోర్డు కూడా జీపులోకి వెళ్ళింది.

జీపు మలుపు తిరిగాక కూడా ఈశ్వరమ్మ గునపం వదల్లేదు. మూడో మొక్క దగ్గరే నిలబడి ఉంది. సోంబరు వచ్చాడు. మూడేళ్ళుగా చెల్లెలితో పొడిపొడిగా తప్ప మాట్లాడని మనిషి. ఆవిడ చేతిలోంచి గునపం తీసుకున్నాడు.

"ఇంక సాల్లే సెల్లీ" అన్నాడు.

కరక పీకిన గుంటనే ఇంకాస్త లోతు చేసి, నేల మీద పడున్న కరకని చంటిబిడ్డలా రెండు చేతుల్లోకి తీసుకుని నిలబెట్టాడు. తెగిన వేరు మడతపడకుండా వేలితో సర్ది మట్టి పోశాడు. ఉసిరిని కూడా అలాగే నాటాడు. వాన చినుకులు మొదలయ్యాయి. ఆవిడ పక్కనే కూచుని మట్టి అదిమింది.

ఉసిరి బతికింది. కరక బతకలేదు.